ఆ రన్‌వే మీద పేడ అలికిన చేతులు

మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని ‘భుజ్: ది ప్రైడ్ ఆఫ్ ఇండియా’ సినిమా చూశాం. 2021లో వచ్చిన సినిమా, మాకు ఇప్పటికి కుదిరింది. విమానాలు, బాంబులు, పాటలు... మా అబ్బాయికి పండగే పండగ. అయిపోయాక వాడు, “అమ్మా, నిజంగానే ఆడవాళ్లు రన్‌వే బాగుచేశారా? సినిమా కోసం కల్పించారా?” అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. తెలుసుకుందామని కూర్చుంటే, తెర మీది కథకన్నా అసలు కథే ఎక్కువ కదిలించింది. అందుకే ఈ నాలుగు మాటలు.

డిసెంబర్ 8 రాత్రి

1971 డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన పడమటి వైమానిక స్థావరాల మీద విరుచుకుపడటంతో యుద్ధం మొదలైంది. గుజరాత్‌లోని కచ్ సరిహద్దు జిల్లా. దాని ముఖ్యపట్టణం భుజ్‌లో మన వాయుసేన స్థావరం ఉంది. అప్పుడు దాని బాధ్యత చూస్తున్నది స్క్వాడ్రన్ లీడర్ విజయ్ కార్ణిక్.

డిసెంబర్ 8 రాత్రి పాకిస్తాన్ సేబర్ జెట్‌లు ఈ స్థావరం మీద బాంబులు కురిపించాయి. రన్‌వే ఎక్కడికక్కడ గోతులు పడిపోయింది. యుద్ధ విమానం ఎంత గొప్పదైనా పరుగెత్తడానికి నున్నటి దారి లేకపోతే అది కదల్లేదు. దారి మీద చిన్న రాతిముక్క ఉన్నా అది ఇంజన్‌లోకి లాగుకుపోయి మొత్తం పాడుచేస్తుంది. అంటే ఏదో పైపైన మట్టి కప్పితే సరిపోదన్నమాట. శత్రువు మళ్లీ వచ్చేలోగా మరమ్మతు జరగాలి. స్థావరంలో ఉన్న సిబ్బంది ఆ పనికి చాలరు.

అప్పుడు కబురు వెళ్లింది, భుజ్‌ను ఆనుకుని ఉన్న మాధాపర్ అనే పల్లెకి. కదిలి వచ్చినవాళ్లు సుమారు 300 మంది ఆడవాళ్లు!

సైరన్ మోగితే పొదల్లోకి

ఒక్క క్షణం మన ఇంటి గుమ్మంలో నిలబడి ఆలోచిద్దాం. ఊరి మీద బాంబులు పడుతున్నాయి. బాంబులు పడే చోటికే వెళ్లి పనిచేయాలి. ఇంట్లో పాలు తాగే పిల్లలున్నారు. మనమైతే ఏం చేసి ఉండేవాళ్లం? వాళ్లు పిల్లల్ని ఇరుగుపొరుగుకి అప్పగించి బయల్దేరారు. సైనిక శిక్షణ లేదు, యూనిఫాం లేదు. 

పైనుంచి కనబడకుండా ఉండేందుకు ఆకుపచ్చ చీరలు కట్టుకోమన్నారు. చుట్టుపక్కల పొదల రంగులో కలిసిపోవడానికి. సైరన్ మోగగానే పరుగెత్తి ఆ పొదల్లో దాక్కోవాలి. ప్రమాదం తప్పిందని మళ్లీ సైరన్ వినిపిస్తే వచ్చి వదిలిన పని అందుకోవాలి. పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా ఇదే వరస. మొదటిరోజు తినడానికి కూడా ఏమీ లేక పస్తున్నారట. రెండోరోజు దగ్గర్లోని గుడి నుంచి పళ్లు, మిఠాయిలు వచ్చాయి.

ఇంకో చిక్కు ఉంది. రన్‌వే ఆకాశంలోంచి తెల్లగా, స్పష్టంగా కనబడుతుంది. దాన్ని ఎలా దాచాలి? ఆవు పేడతో! రన్‌వే మీద పేడ అలికి నేల రంగులో కలిపేశారు.

ఈ ముక్క చదివి వినిపిస్తే మా అత్తయ్య వత్తులు చేసుకుంటున్నదల్లా ఆగిపోయారు. “అంత పొడుగు దారి అలికారా తల్లీ! నా చిన్నప్పుడు పండక్కి నాలుగు గదులు అలికేసరికే నడుం పట్టేసేది” అన్నారు. నిజమే కదా! ఏ ఇంజనీరింగ్ పుస్తకంలోనూ లేని విద్య అది. తెల్లారితే ప్రతి ఇల్లాలూ చేసే పని.

72 గంటల్లో రన్‌వే సిద్ధమైంది. నాలుగోరోజు సాయంత్రం 4 గంటలకు దాని మీంచి మన విమానం లేచింది. డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది. ఆ మర్నాడు పడమటి సరిహద్దులోనూ కాల్పులు ఆగాయి.

గుర్తింపుకి ఎన్నేళ్లు?

అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ ఆ మహిళలకి 50,000 రూపాయల బహుమతి ప్రకటించారు. ఆ రోజుల్లో చిన్న మొత్తమేం కాదు. పంచుకుంటే తలా కొంత వచ్చేది. వాళ్లు పంచుకోలేదు. ఊరందరికీ పనికొచ్చేలా సామాజిక భవనానికి ఖర్చుపెట్టారు.

ఆ తర్వాత? మళ్లీ వంటిళ్లు, పొలాలు, పశువులు. మాధాపర్‌లో వాళ్ల పేరున ‘వీరాంగన స్మారక్’ వెలిసింది 2015లో. అంటే యుద్ధం జరిగిన 44 ఏళ్లకి! అప్పటికి ఎందరు కన్నుమూశారో. ఇరవయ్యేళ్ల వయసులో తట్టలు మోసినావిడ అరవై దాటాక గానీ తమ గుర్తుగా నిలిచిన రాయిని చూసుకోలేదు. 2021 సినిమాలోనైనా కథంతా తిరిగేది స్క్వాడ్రన్ లీడర్ చుట్టూనే. కార్ణిక్ ధైర్యాన్ని తక్కువ చేయడం లేదు. పల్లెటూరి ఆడవాళ్లని నమ్మి అంత పని అప్పగించడమే పెద్ద సంగతి. కాకపోతే ఆ 300 మందీ మన కళ్లకి ఇప్పటికీ ఒక గుంపుగానే మిగిలిపోయారు.

భుజ్‌కి ఇంకో పరీక్ష 2001 జనవరి 26న వచ్చింది. ఆ భూకంపంలో స్థావరంలోని ఇళ్లు కూడా కూలి, వాయుసేన సిబ్బంది, వాళ్ల కుటుంబసభ్యులు చాలామంది చనిపోయారు. అయినా కచ్ ప్రజలకి మందులు, ఆహారం, వైద్యులు దిగింది ఆ రన్‌వే మీదే.

ఇదంతా చెప్పడం పూర్తయ్యాక అత్తయ్య మెల్లగా, “డెబ్భై ఒకటిలో నేను కొత్తగా విశాఖపట్నం కాపురానికొచ్చాను” అన్నారు. “బ్లాకవుట్ రోజులు. కిటికీ అద్దాలన్నిటికీ నల్లకాగితాలు అంటించాను. మీ మావయ్యగారికి రాత్రి డ్యూటీ. చీకట్లో ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. ఒకరాత్రి పెద్ద చప్పుడై అద్దాలు గలగలలాడాయి. అది సముద్రంలో ఘాజీ జలాంతర్గామి పేలిన చప్పుడని తర్వాత తెలిసింది.”

నేను నోరు తెరుచుకుని విన్నాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదిహేనేళ్లయింది. ఎప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా అంటే, “అదీ ఒక చెప్పుకునే సంగతేనా? కాగితాలు అంటించాను, అంతేగా” అన్నారు.

మాధాపర్‌లోనూ ఎందరో అలాగే అనుకుని ఉంటారు. పేడ అలికాం, అంతేగా అని.

మా అబ్బాయి మాత్రం ఊరుకోలేదు. నోటుబుక్కు, పెన్ను తెచ్చుకుని నాన్నమ్మ పక్కన చేరాడు. “మొదట్నించీ చెప్పు” అన్నాడు.

మీ ఇంట్లోనూ ఒక పెద్దావిడ ఉండే ఉంటారు. ఈ సాయంత్రం ఆవిడ్ని కూడా అడిగి చూడండి.