ఆసుయంత్రం – నూతన నైపుణ్యం

వృత్తి నైపుణ్యం అనగానే కర్మాగారాలూ, కంప్యూటర్ గదులూ స్ఫురిస్తాయి గాని మగ్గం గుంట స్ఫురించదు. అయితే మగ్గానికీ, గణనయంత్రానికీ చుట్టరికం పాతది. 1804లో ఫ్రాన్సు దేశస్థుడు జాకార్డ్ చిల్లుల అట్టలతో బట్టపై బొమ్మను తీర్చే సాధనాన్ని రూపొందించాడు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన గణనయంత్రానికి ఆదేశాలివ్వడానికి అటువంటి అట్టలనే ఎన్నుకొన్నాడు.

పోచంపల్లి నేతలో ఈ లెక్క మరింత సూక్ష్మం. అక్కడ బట్ట నేశాక బొమ్మ అద్దరు. ముందుగా గళ్ల కాగితంపై బొమ్మ గీసి, పోగులు లెక్కించి, రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టి రంగులో ముంచుతారు. లెక్క తప్పితే బొమ్మ చెదిరిపోతుంది.

ఇందులో మిక్కిలి క్లేశకరమైనది ఆసు పోయడం. అర్ధచంద్రాకారంగా అమర్చిన మేకుల చుట్టూ పోగును ముందుకూ వెనుకకూ తిప్పాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు కదలాలి. నాలుగైదు గంటలు పడుతుంది. ఈ శ్రమ అధికంగా స్త్రీలదే. ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఈ పనికి యంత్రం చేయ సంకల్పించాడు. ఆయన చదువు ఆరవ తరగతితో ఆగిపోయింది. ఏళ్ల తరబడి శ్రమించి 1999లో యంత్రాన్ని పూర్తిచేసి, దానికి తల్లి పేరే పెట్టాడు. చీర ఆసు గంటన్నరలో ముగిసింది. తరువాతి రూపాలలో ఎలక్ట్రానిక్ నియంత్రణ చేరింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. పట్టభద్రులకు తోచనిది ఆయనకెట్లా తోచింది? ఏ కదలికలో నొప్పి పుడుతుందో ఆయన ఇంట్లోనే చూశాడు. యంత్రజ్ఞానం ఆ తరువాత వచ్చి చేరింది. నేటి శిక్షణలు తరచుగా ఈ క్రమాన్ని తలక్రిందులు చేస్తున్నాయి.

చేతిమగ్గానికి విద్యుత్తు అక్కరలేదు. అంతమాత్రాన నేత పర్యావరణానికి నిరపాయకరం అనలేము. శుద్ధిచేయని రసాయన రంగుల నీరు నేలనూ, బావులనూ చెరుస్తుంది. నూనెతోనూ, ఆముదపు కాయల బూడిదతోనూ నూలును సిద్ధపరచే పుట్టపాక తేలియా రుమాలు పద్ధతి మనకు ఉన్నది. ఆ పాత నేర్పుతో పాటు రంగునీటిని శుద్ధిచేయడమూ, కంప్యూటరుపై నమూనా గీయడమూ నేటి నేతగాడు నేర్వవలసి ఉన్నది. మగ్గమెక్కని వాడు తెరపై ఎంత అందంగా గీసినా, అది నేతకు లొంగుతుందో లేదో చెప్పలేడు.

వెంకటగిరిలో ప్రగడ కోటయ్య స్మారక సంస్థ చేనేత సాంకేతిక డిప్లొమా నేర్పుతున్నది. హైదరాబాదులో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట మరొకటి 2024లో ఆరంభమైంది. పదవ తరగతి గడిచిన బాలబాలికలకు ఇవి ఉపయుక్తాలే. కాని రోజూ ఆసు పోసే ఇల్లాలు పని మాని మూడేళ్లు తరగతిలో కూర్చోలేదు. ఆమెకు శిక్షణ అందాలంటే అది మగ్గం ఉన్న వాకిటికే రావాలి.