మురుగుమడ్డి – బూడిద సాయము

మురుగునీటిని శుద్ధిచేసి ఏటిలోనికి వదలగానే పని ముగిసినదని మనము అనుకొంటాము. కాని నీటినుండి వేరైన మాలిన్యములో పెద్దభాగము శుద్ధికేంద్రములోనే మడ్డిగా మిగిలిపోతుంది. దానిని ఎట్లా తరలించవలెననేదే నగరపాలకులకు అసలు చిక్కు.

మడ్డి అనే పేరేగాని అందులో అధికభాగము నీరే. 100 టన్నుల మడ్డిలో ఘనపదార్థము తరచు 2 టన్నులే; తక్కిన 98 టన్నులూ నీరు. ఆ నీటిని పిండి, ఘనపదార్థమును నూటికి 20 పాళ్ళకు తేగలిగితే, 100 టన్నుల బరువు 10 టన్నులకు దిగుతుంది. లారీల బాడుగ, పారబోయు స్థలము ఆ మేరకు కలిసివస్తాయి.

అయితే ఈ నీరు సులభముగా వదలదు. సూక్ష్మజీవులు స్రవించిన జిగురు దానిని పట్టి ఉంచుతుంది. పెరుగును గుడ్డలో మూటగట్టి వ్రేలాడదీస్తే మొదట నీరు ధారగా కారి, తరువాత గుడ్డకంటిన పొర అడ్డుపడి చుక్కలుగా తగ్గిపోతుంది గదా! ఫిల్టరు ప్రెస్సులోనూ అంతే. ఒత్తిడి పెరిగినకొద్దీ మెత్తని మడ్డి అణగి, నీరు జారే దారులు మూసుకొంటాయి.

ఇందుకు ఫెర్రిక్ క్లోరైడు, సున్నము కలిపి సన్నని రేణువులను ముద్దకట్టించడము పాత పద్ధతి. దీనికి తోడు కర్మాగారముల వ్యర్థములూ అక్కరకు వస్తాయి. ఉక్కురేకులను ఆమ్లముతో కడుగగా లభించే ఫెర్రస్ సల్ఫేటును క్లోరినుతో మార్చి, రేణువులను కూర్చడానికి వాడవచ్చును. థర్మల్ విద్యుత్కేంద్రములలో బొగ్గు కాలగా మిగిలే సన్నని బూడిద మరొకటి. కొత్తగూడెము, ఇబ్రహీంపట్నము వాసులకు అది చిరపరిచితమే. దాని గట్టి రేణువులు ఒత్తిడికి లొంగక, మడ్డిలో ఎముకలగూడువలె నిలిచి, దారులను తెరచి ఉంచుతాయి.

ఇక్కడ ఒక లెక్క మరువరాదు. 2 టన్నుల ఘనపదార్థమునకు 1 టన్ను బూడిద చేరిస్తే 3 టన్నులౌతుంది. పిండిన ముద్దలో ఘనపదార్థము నూటికి 30 పాళ్ళున్నా, మొత్తము బరువు మళ్ళీ 10 టన్నులే! కాగితముమీద అభివృద్ధి కనిపించినా లారీకి భారము తగ్గలేదు. 40 పాళ్ళకు చేరినప్పుడే అది ఏడున్నర టన్నులై నిజమైన లాభము కలుగుతుంది. కాబట్టి శాతమును గాక, బయటికి పోయే బరువును తూచి చూడవలెను.

మరొక జాగ్రత్త. బూడిదలో ఆర్సెనిక్, క్రోమియము వంటివి స్వల్పముగా ఉండవచ్చును. ఆ ముద్దను పొలములకు ఎరువుగా తోలదలచినచో, వానకు ఏమేమి కరిగి నేలలోకి దిగునో ముందుగా పరీక్షించుట తప్పనిసరి. ఈ రెండు పరీక్షలకూ నిలిచిన బూడిదనే మడ్డికి సాయముగా పిలువవలెను.