ఫండు పద్దు చూడడం మదుపుదారుడి హక్కు

కొట్లో ధాన్యం వేసిన రైతు కాటా చూడకుండా ఇంటికి వెళ్లడు. తూకం సరిచూస్తాడు. ధర అడుగుతాడు. హమాలీకి ఎంత, కమీషన్‌కు ఎంత కోశారో పట్టీలో చూసుకుంటాడు. అదే రైతు పంట సొమ్ములో కొంత మ్యూచువల్ ఫండులో వేస్తే మాత్రం, ఇచ్చిన కాగితం మడిచి బీరువాలో పెట్టి ఊరుకుంటాడు. ఫండు కంపెనీ కూడా పట్టీ రాసి చూపించాల్సిందే. అది నిబంధన. ఆ నిబంధన ఊరికే రాలేదు. దాని వెనుక రెండు కోట్ల మంది పడిన ఇబ్బంది ఉంది.

ధర ఎలా కడతారు?

మ్యూచువల్ ఫండు అంటే పదిమంది సొమ్ము పోగుచేసి కంపెనీల వాటాల్లోనో, బాండ్లలోనో పెట్టే ఉమ్మడి నిధి. మదుపుదారుడి భాగాన్ని యూనిట్లలో లెక్కిస్తారు. ఉదాహరణకు ఒక నిధి ఆస్తుల విలువ ఈ రోజు 12 లక్షల రూపాయలు అనుకుందాం. ఖర్చులు, బాకీలు 20 వేలు. మిగిలింది 11 లక్షల 80 వేలు. యూనిట్లు లక్ష ఉంటే ఒక్కో యూనిట్ విలువ 11 రూపాయల 80 పైసలు. దీనినే నికర ఆస్తి విలువ అంటారు. ఫండు కాగితాల్లో ఎన్ఏవీ అని రాసేది ఇదే. వాటాల ధర పెరిగితే ఇది పెరుగుతుంది, పడితే పడుతుంది.

యూఎస్-64 నేర్పిన పాఠం

దేశంలో ఈ తరహా నిధికి ఆద్యురాలు యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా. 1963లో పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడి, 1964లో యూఎస్-64 పథకాన్ని తెచ్చింది. యూనిట్ ముఖవిలువ 10 రూపాయలు. ఉద్యోగులు, పింఛనుదారులు, చిన్న వ్యాపారులు ప్రభుత్వ సంస్థ కదా అన్న నమ్మకంతో దానిలో దాచుకున్నారు. ఏటా డివిడెండు వచ్చేది. ఎవరికీ అనుమానం రాలేదు.

అయితే ఆ యూనిట్ ధరను నిధి ఆస్తుల విలువ బట్టి కట్టలేదు. ట్రస్టే నిర్ణయించి ప్రకటించేది. లోపల ఆస్తి ఎంత ఉందో బయటివారికి తెలిసే దారి లేదు. 1996లో సెబీ మ్యూచువల్ ఫండ్లకు నిబంధనలు తెచ్చినా, సొంత చట్టం ఉన్నందున యూఎస్-64 వాటి వెలుపలే ఉండిపోయింది. 1998లో పథకం రిజర్వులు లోటులోకి వెళ్లిన సంగతి బయటపడింది. ధరను ఆస్తి విలువకు ముడిపెట్టాలని 1999లో దీపక్ పరేఖ్ కమిటీ సూచించింది. ఆ పని వెంటనే జరగలేదు.

2001 జూలైలో యూనిట్ల అమ్మకాన్ని, తిరిగి కొనుగోలును ట్రస్టు ఆరు నెలలపాటు నిలిపివేసింది. పిల్ల పెళ్లికని, వైద్యానికని దాచుకున్నవారు కూడా తమ సొమ్ము తాము తీసుకోలేకపోయారు. అంతకు ముందు ఏప్రిల్, మే నెలల్లోనే పెద్ద కంపెనీలు వేల కోట్ల రూపాయలు వెనక్కు తీసుకున్నాయి. అసలు విలువకు మించిన ధర తీసుకుని ఒకరు బయటపడితే, ఆ తేడా లోపల మిగిలినవారి మీద పడుతుంది. మిగిలింది చిన్నవాళ్లు.

డిసెంబరు చివర లెక్క కట్టి చూస్తే యూనిట్ అసలు విలువ ఆరు రూపాయలు కూడా లేదు. చిన్న మదుపుదారులకు ఒక పరిమితి మేరకు పది రూపాయలు, ఆపైన ఇచ్చేందుకు చివరికి ప్రభుత్వమే పూచీ పడవలసి వచ్చింది. 2002లో యూనిట్ ట్రస్టు చట్టం రద్దయింది. 2003లో సంస్థను రెండుగా విడదీశారు. యూఎస్-64 ప్రభుత్వ అధీనంలోకి వెళ్లగా, ఆస్తి విలువ ప్రకారం నడిచే పథకాలు సెబీ నిబంధనల కిందకు వచ్చాయి.

కంపెనీ చెప్పాల్సినవి ఇవీ

ఇప్పుడు ఫండు కంపెనీలు ప్రతి పనిదినం యూనిట్ విలువను ప్రకటించాలి. అది కంపెనీ వెబ్‌సైటులోనూ, ఫండ్ల సంఘమైన యాంఫీ వెబ్‌సైటులోనూ కనిపిస్తుంది. సొమ్మును ఏ కంపెనీ వాటాల్లో, ఏ బాండ్లలో ఎంతెంత పెట్టారో నెల ముగిసిన పది రోజుల్లో జాబితా వేయాలి.

నిర్వహణ ఖర్చు ఎంత శాతమో కూడా చెప్పాలి. ఈ ఖర్చుకు విడిగా బిల్లు రాదు. రోజూ కొద్దికొద్దిగా నిధిలోనుంచే తగ్గిస్తారు. ఏడాదికి 2 శాతం అంటే లక్ష రూపాయల మీద సుమారు రెండు వేలు. నిధి నష్టపోయిన ఏడాది కూడా ఇది ఆగదు. ఏజెంటు లేకుండా నేరుగా చేరే డైరెక్ట్ ప్లాను 2013 నుంచి ఉంది. దానిలో ఏజెంటు కమీషన్ ఉండదు గనుక ఖర్చు తక్కువ. మదుపుదారుడి ఖాతా మీద ఏజెంటుకు ఎంత ముట్టిందో ఆరు నెలల స్టేట్‌మెంటులో చూపాలని 2016లో సెబీ ఆదేశించింది.

పథకంలో ప్రమాదం ఏపాటిదో తెలిపే రిస్కోమీటరు బొమ్మ మరొకటి. తక్కువ నుంచి అత్యధికం వరకు దానిలో ఆరు మెట్లు ఉంటాయి. ముల్లు ఎక్కడుందో చదువు రానివారు కూడా పోల్చుకోవచ్చు. ఇక ఏటా ఆడిటరు తనిఖీ చేసిన నివేదిక వెలువడుతుంది. కోరిన మదుపుదారుడికి దాని సంగ్రహ ప్రతిని కాగితం మీద ఉచితంగా పంపాలని 2018లో సెబీ చెప్పింది.

చేయవలసింది ఏమిటి?

స్టేట్‌మెంటు రాగానే మూడు సంగతులు చూసుకోవాలి. యూనిట్లు ఎన్ని, ఆ రోజు విలువ ఎంత, ఈ రెండూ గుణిస్తే మొత్తం సరిపోయిందా? చరవాణి నంబరు, చిరునామా మారితే వెంటనే రాయించుకోవాలి. లేకుంటే పద్దు మరొకరి గుమ్మానికి చేరుతుంది. కాగితాలు చదవడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించుకోవచ్చు. తేడా కనిపిస్తే ముందు కంపెనీకి రాయాలి. జవాబు సరిగా లేకుంటే సెబీవారి స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. సెబీ ఉచిత ఫోను నంబరు 1800 266 7575.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఈ నిబంధనలు నష్టం రాదని హామీ ఇవ్వవు. వాటాల ధర పడితే యూనిట్ విలువా పడుతుంది. నష్టాన్ని దాచిపెట్టకుండా ఏ రోజుకారోజు చెప్పించడమే వాటి పని. యూఎస్-64లో దాచుకున్నవారికి చూద్దామన్నా పద్దు లేదు. ఇప్పుడు పద్దు ఉంది. చూసుకోవలసింది మదుపుదారుడే.