అమ్మమ్మ రోడ్డు దాటే లెక్క

సూర్యాపేట, కోదాడ పిల్లలకు 65వ నంబరు జాతీయ రహదారి తెలుసు. మిర్యాలగూడ పిల్లలకు కోతల కాలంలో రైసు మిల్లులకు వరుసకట్టే వడ్ల లారీలు తెలుసు. ఆ రోడ్ల మీదే మీలో కొందరు సైకిలు తొక్కుకుంటూ బడికి వెళతారు గదా! ఒక లెక్క వేద్దాం రండి.

గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. అడ్డం వచ్చిన సైకిలును చూసి డ్రైవరు బ్రేకు తొక్కడానికి ఒక సెకను పడుతుందనుకోండి. ఆలోగా లారీ 10 మీటర్లు వచ్చేస్తుంది. తరవాత వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గితే, ఆగడానికి మరో 10 మీటర్లు. మొత్తం 20.

వేగం 72 అయితే? 40 మీటర్లని మా తరగతిలో ఏటా ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. కాదు! గతిజశక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు చేయవలసిన పని నాలుగు రెట్లు. సెకను ఆలస్యానికి 20, బ్రేకుకు 40, వెరసి 60 మీటర్లు. సైకిలు 20 మీటర్ల దూరంలో ఉంటే మొదటి లారీ దాని ముందు ఆగుతుంది. రెండోది బ్రేకు పడకముందే, పూర్తి వేగంతో దాన్ని తాకుతుంది.

వీధి ఎవరి కోసమో చర్చించే 'వెలో-సిటీ' అనే సైకిలు మహాసభ 1980లో జర్మనీలోని బ్రెమెన్ నగరంలో మొదలైంది. 'వెలో' అంటే ఫ్రెంచిలో సైకిలే. సభకు వచ్చినవాళ్ళు వీధుల్లో సైకిళ్ళ ఊరేగింపు కూడా తీస్తారు. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో జరిగిన రహదారి భద్రతా సభ, మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట వేగం 30 దాటకూడదని ప్రకటించింది. బోర్డు పెడితే చాలదు సుమా! దారి ఇరుకైతే, మలుపు బిగువుగా ఉంటే, దాటే చోటు కాస్త ఎత్తుగా కడితే డ్రైవరు కాలు తానే బ్రేకు మీదికి వెళుతుంది.

హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట వేశారు. ముచ్చటైనదే. కాని బడికెళ్ళే పిల్లకు కావలసింది ఇంటి ముందు వీధి.

అందుచేత ఈ ఆదివారం మీ ఇంటిల్లిపాదీ అరుగు మీదే సభ పెట్టండి. వీధి అంచున 50 మీటర్ల దూరంలో రెండు గుర్తులు చూసుకోండి. రోడ్డు మీదికి మాత్రం దిగవద్దు. ఒక గుర్తు నుంచి రెండో గుర్తుకు బండి 5 సెకన్లలో వస్తే వేగం 36. రెండున్నరలో వస్తే 72. తరవాత ఇంటి వాకిట్లో అమ్మమ్మను 7 మీటర్లు నడవమనండి. 7 సెకన్లు పట్టిందా? ఆలోగా 72 వేగపు బండి 140 మీటర్లు వచ్చేస్తుంది. మీ వీధి మలుపు నుంచి ఆమె దాటే చోటు ఎంత దూరమో కొలిచి చూడండి.