రిజర్వు అడవిలో బాట వేయుటకు గల చట్టములు

అహోబిలమునకు చుట్టుపట్ల కొండవారనున్న గ్రామములలో పలువురు రైతుల చేలకును నల్లమల రిజర్వు అడవికిని నడుమ హద్దురాళ్ళ వరుస తప్ప మఱేమియు లేదు. కొందఱి చేలకు పోవు బండిబాట అడవిలో కొంతదూరము నడచి మరల పట్టాభూమిలోనికి వచ్చును. ఎద్దులబండ్ల కాలమున ఇట్టి బాటను గూర్చి తగవులు తక్కువ. ట్రాక్టరులును లారీలును వచ్చిన పిమ్మట బాట వెడల్పు కావలెనని రైతు కోరుట సహజమే. కాని "అడవియు సర్కారుదే, రోడ్డును సర్కారుదే, ఇక అడ్డేమి?" అను తలంపుతో పొదలు కొట్టి, మట్టి పోసి పని మొదలిడుటవలన రైతు కేసుల పాలగును; బాటయు దక్కదు.

ఈ ప్రాంతపు అడవులకు మొదట వర్తించినది 1882 సంవత్సరపు మదరాసు అటవీ చట్టము. ఒక భూమిని రిజర్వు చేయుటకు పూర్వము ప్రకటన వెలువరించి, దారిహక్కు, నీటిహక్కు మున్నగువానిని తెలుపుకొనుటకు ప్రజలకు గడువిచ్చి, సెటిల్మెంటు అధికారి విచారణ జరుపవలయును. ఆ విచారణలో అంగీకరింపబడి వ్రాతకెక్కిన బాట హక్కుగా నిలుచును. ఎవ్వరును అడుగని బాట ఎంత ప్రాతదైనను హక్కుగా నిలువదు. తాత ముత్తాతల నాటినుండి నడచుచున్నాము అను మాటకంటె ఆనాటి కాగితమునకే బలమెక్కువ. హైదరాబాదు రాజ్యమున 1355 ఫసలీ అటవీ చట్టము ప్రత్యేకముగ నుండెను. ఈ రెంటి స్థానమున 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము వచ్చినది. సమీపముననే యున్న బనగానపల్లె సంస్థానము 1948లో మదరాసు రాష్ట్రమున కలిసినది గావున, అక్కడి రైతులకును నేడు ఈ చట్టమే.

రోడ్ల విషయమున పెద్ద మార్పు తెచ్చినది 1980 అక్టోబరు 25వ తేదీన అమలునకు వచ్చిన అటవీ సంరక్షణ చట్టము. ఆ దినము మొదలు అటవీభూమిని అడవిపనికి గాక మఱియొక పనికి వినియోగింపవలెనన్న, కేంద్ర ప్రభుత్వపు ముందస్తు ఆమోదము లేనిదే రాష్ట్ర ప్రభుత్వమైనను ఉత్తరువు చేయరాదు. రోడ్డు అట్టి మఱియొక పనియే. పంచాయతీ తీర్మానముగాని, శాసనసభ్యుని సిఫారసుగాని, మంజూరైన సొమ్ముగాని ఈ ఆమోదమునకు బదులు కానేరవు. ఉల్లంఘించినవారికిని, అందుకు తోడ్పడినవారికిని పదునైదు దినములవఱకు సాధారణ ఖైదు కలదు. తప్పు ప్రభుత్వశాఖదైనచో దాని అధికారియు బాధ్యుడగును.

దరఖాస్తు చేయవలసినది రైతు కాదు. రోడ్డు వేయు శాఖ. సర్వే జరిపి, పోవు చెట్లను లెక్కించి పంపిన పిదప మొదట సూత్రప్రాయమైన ఆమోదమును, షరతులు నెరవేరిన తరువాత తుది ఆమోదమును లభించును. పోవు అడవికి వెల కట్టవలయును. బదులుగ వేఱొకచోట చెట్లు పెంచవలయును. ఇందుకు కాలము పట్టుననుట నిజమే.

2023లో ఈ చట్టము సవరింపబడినది. ప్రభుత్వము నిర్వహించు రోడ్డు ప్రక్కనున్న అడవిలో, నివాసస్థలమునకు పోవు దారికై 0.10 హెక్టారువఱకు, అనగా సుమారు 25 సెంట్లకు, మినహాయింపు కలదు. మూడు మీటర్ల వెడల్పు బాటయైన ఇది 333 మీటర్ల పొడవున సరిపోవును. అయితే చట్టము చెప్పినది నివాసమునకు దారి. చేనికి దారి కాదు. ఈ భేదమును మఱచి పలువురు తొందరపడుచున్నారు.

చెంచుగూడెములవంటి అడవిపల్లెల మాట వేఱు. 2006 సంవత్సరపు అటవీహక్కుల చట్టము పదమూడు సౌకర్యములకు దారి చూపినది, వానిలో రోడ్డొకటి. ఒక్కొక్క పనికి హెక్టారుకంటె తక్కువ భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించని నష్టము, గ్రామసభ సిఫారసు ఉండవలయును. గూడెమునకై మంజూరైన రోడ్డును తన పొలమువైపు త్రిప్పుకొనజూచు రైతు ఆ గూడెమునకే కీడు చేయును.

అభయారణ్యములలో నిబంధనలు మఱింత గట్టివి. నల్లమలలోని శ్రీశైలప్రాంతము 1978లో అభయారణ్యమై, 1983లో పులుల రక్షణ పథకమున చేరినది. అట్టిచోట వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మఱొక ఆమోదము కావలయును. కడప జిల్లా సంగతి రైతులకు గుర్తుండదగినది. 1900 తరువాత కానరాని కలివికోడి 1986లో లంకమల దాపున మరల కనబడినది. 2005లో అచ్చట తెలుగుగంగ కాలువ త్రవ్వకము అభయారణ్యములోనికి రాగా పని ఆపివేసి, కాలువను వేఱుదారిని మరల్పవలసివచ్చెను. ముందే విచారించియున్న ఆ శ్రమయు వ్యయమును తప్పెడివి.

కావున బాట కావలసిన రైతు మొదట గ్రామపటమును, సర్వే నంబరును చూచి, రెవెన్యూ, అటవీ శాఖల ఉమ్మడి కొలత కోరవలయును. ఆ కొలతలో బాట పోరంబోకునందే యున్నట్లు తేలిన సగము చిక్కు తీరును. అడవిలోనే యున్నచో, ఇరుగుపొరుగు పట్టాదారులు తలా కొంత గట్టు విడిచి, భూమికి భూమి మార్చుకొని చుట్టుదారి వేసికొనుట పలుచోట్ల చౌకయైన పని. ప్రాత బాటలో వానకు పడిన గోతులను పూడ్చవలెనన్నను రేంజి అధికారికి తెలిపి వ్రాతమూలకముగ అనుమతి పొందవలయును. పూడ్చుటకు మట్టియు రాయియు స్వంత చేనినుండి తెచ్చుకొనవలయునేగాని, ప్రక్కనున్న అడవిగుట్టను త్రవ్వరాదు. అదియు వేఱొక నేరమగును.