సాంబో కుస్తీ: పటము దించబడిన వస్తాదు

పండుగనాడు తాలింఖానాలో మొదటి పూలమాల పడునది వస్తాదు పటమునకు. గోదా మన్ను త్రవ్వి, నూనెయు పసుపును కలిపి మెత్తపరచిన పిమ్మట, కుర్రవాడు ఆ మన్నును కన్నుల కద్దుకొని, గురువునకు మ్రొక్కి, అటుపిమ్మటనే లంగోటి బిగించును. ఎవరి వద్ద నేర్చితివని పొరుగూరి పహిల్వాన్ అడిగినచో, వస్తాదు పేరు చెప్పుటకు వెనుదీయువాడుండడు. కోడి రామమూర్తి నాయుడుగారి బలమును గూర్చి మన పెద్దలు నేటికిని చెప్పుకొందురు. కాని ఆయనకు మొదటి పట్టు నేర్పిన వారెవరో మనలో ఎందరికి తెలియును? ఆట పెద్దదైన కొలది దానిని పెంచినవారి పేర్లు చిన్నవై పోవుట సామాన్యమే. కాని ఒక్కొక్కప్పుడు అట్టి పేరును పట్టుబట్టి తుడిచివేయుటయు కలదు. ఈ మాసము మేము పాఠకులకు చెప్పదలచినది అట్టి సంగతియే. ఇది రష్యాలో జరిగినది. ఆ ఆట పేరు సాంబో.

సాంబో అనునది రష్యను భాషలో మూడు మాటల ముందక్షరములను కూర్చి చేసిన పేరు. ‘ఆయుధము లేని ఆత్మరక్షణ’ అని దాని యర్థము. మన కుస్తీవలె ఇదియు ఇరువురు పెనగులాడు ఆటయే. అయితే ఇందు యోధులు ఒంటిపై మందపు అంగీ తొడిగి, దానిపై దట్టి బిగింతురు. ఒకరిది ఎఱ్ఱ అంగీ, వేరొకరిది నీలపు అంగీ. భుజములపై పట్టుకొనుటకు వీలుగా ప్రత్యేకముగా మడతలు కుట్టబడి యుండును. క్రింద పొట్టి లాగు, కాళ్ళకు మెత్తని అడుగుల జోళ్ళు. మన్ను గోదాకు మారుగా గుండ్రని చాప యుండును.

నియమములలోని భేదమును కూడ తెలుసుకొనవలెను. మన కుస్తీలో ప్రత్యర్థి భుజములు రెండును నేలకు తగిలినచో అతడు చిత్తయినట్లే, పోటీ ముగిసినట్లే. సాంబోలో అట్లు కాదు. వెల్లకిల అణచిపట్టి 20 సెకనులు కదలనీయకున్న నాలుగు పాయింట్లు లభించును, అంతే. తాను నిలబడియే యుండి ప్రత్యర్థిని వెల్లకిల పడవేసినచో మాత్రము అక్కడికక్కడే సంపూర్ణ విజయము. చేతిని గాని కాలిని గాని మెలిపెట్టి, ప్రత్యర్థి ఓటమి నొప్పుకొనునట్లు చేసినను గెలుపే. జపానువారి జూడోలో గొంతు నొక్కు పట్లు చెల్లును, కాలిని మెలిపెట్టుట చెల్లదు. క్రీడా సాంబోలో కాలి మెలిక చెల్లును, గొంతు నొక్కుట చెల్లదు. దెబ్బలతో కూడిన సైనిక సాంబో వేరొకటి కలదు. దానిని గూర్చి ఇక్కడ విస్తరింపము.

ఈ ఆటను పెంచినవారిలో మొదట చెప్పదగినవారు వసీలి ఓష్చెప్కోవ్. రష్యా దేశపు తూర్పు కొసను సఖాలిన్ అను దీవి కలదు. జారు చక్రవర్తుల కాలమున అది ఖైదీల దీవి. ప్రసిద్ధ రచయిత చెహోవ్ 1890లో అక్కడికి పోయి, ఖైదీల దుస్థితిని కన్నులార చూచి గ్రంథము వ్రాసెను. రెండేండ్లకు, 1892 చివర, ఆ దీవిలోనే శిక్షననుభవించు ఒక స్త్రీకి వసీలి జన్మించెను. పదునొకండేండ్ల ప్రాయమునకే తల్లిదండ్రులు లేనివాడయ్యెను. అట్టి బాలునికి ఆ కాలమున ఏ దారి మిగిలి యుండునో ఊహించుట కష్టము కాదు. కాని అదృష్టవశమున అతడు టోక్యోలో రష్యను క్రైస్తవ మఠమువారు నడుపు పాఠశాలలో చేరగల్గెను. జపాను భాష నేర్చెను. జూడో నేర్చెను.

జూడోకు మూలపురుషుడైన కానో జిగోరో 1882లో టోక్యోలో కొడోకాన్ అను విద్యాలయమును స్థాపించెను. ఆ విద్యాలయమున ఓష్చెప్కోవ్ 1911 అక్టోబరు 29న ప్రవేశించెను. రష్యాకును జపానుకును ఘోరయుద్ధము ముగిసి అప్పటికి ఆరేండ్లు మాత్రమే యయ్యెను. నిన్నటి శత్రుదేశపు బాలుని తమ చాపపై నిలువనిచ్చిన ఆ జపాను గురువుల ఔదార్యమును కూడ మనము మెచ్చుకొనవలసియున్నది. 1913లో అతనికి నల్లదట్టి లభించెను. రష్యనులలో ఆ గౌరవము పొందిన మొదటివాడతడే.

స్వదేశమునకు తిరిగివచ్చి, 1914లో వ్లాడివోస్టాక్ ఓడరేవున ఆయన జూడో నేర్ప నారంభించిరి. 1917లో జపానులోని ఒటారు నగరపు విద్యార్థులు వచ్చి ఆయన శిష్యులతో తలపడిరి. రెండు దేశములవారి నడుమ జరిగిన మొదటి జూడో పోటీ ఇదియేయని చరిత్రకారులు చెప్పుదురు. అటుపిమ్మట విప్లవము వచ్చెను. కొత్త సోవియట్ ప్రభుత్వము జపాను భాష బాగుగా వచ్చిన ఆయనను గూఢచారిగా వినియోగించుకొనెను. 1920లలో కొంతకాలము ఆయన సినిమా వ్యాపారి వేషమున జపానులో ఉండి తన దేశమునకు వార్తలు పంపిరి. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

1929లో ఆయన మాస్కో చేరిరి. కొంతకాలమునకే అక్కడి వ్యాయామ విద్యాలయమున అధ్యాపకులైరి. జూడోను ఉన్నదున్నట్లు నేర్పుటతో ఆయన తృప్తిపడలేదు. ఇతర కుస్తీల పట్లను పరిశీలించి, పనికివచ్చిన వానిని చేర్చిరి. నియమములను తమ దేశపు యువకులకు అనువుగా సవరించిరి. అంగీ, జోళ్ళు, చాప క్రమముగా మార్పు చెందినవి. నేటి సాంబోకు కావలసిన ఎముకల గూడు ఆ విద్యాలయమున, ఆ కొద్ది సంవత్సరములలో, సిద్ధమైనదని చెప్పవచ్చును.

అదే కాలమున మాస్కోలోనే విక్టర్ స్పిరిదోనోవ్ అను మాజీ సైనికాధికారి మరియొక దారిని పోవుచుండెను. యుద్ధమున గాయపడి ఒక చేయి సరిగా ఆడనివారాయన. అందుచే బలము తక్కువైనవాడు బలవంతుని ఎదుర్కొను ఉపాయములపై ఆయన దృష్టి నిలిచెను. దినమో అను క్రీడాసంఘమున రక్షకభటులకు ఆయన శిక్షణ మిచ్చిరి, గ్రంథములు వ్రాసిరి. ఆయన మార్గము పోటీ ఆటగా ఎదుగలేదు. కాని సాంబోకు ఆయనయు ఒక మూలపురుషుడని నేడందరును అంగీకరింతురు.

1937 రష్యాలో భయంకరమైన సంవత్సరము. స్టాలిన్ పాలనలో లక్షలాది జనులు నిర్బంధింపబడిరి. జపానుతో ఏ సంబంధమున్నను అది నేరముగా కన్పట్టెడి దినములవి. అక్టోబరు మొదట ఒక రాత్రి ఓష్చెప్కోవ్‌ను పట్టుకొనిపోయిరి. జపానుకు గూఢచారియని అభియోగము! తన ప్రభుత్వము కొరకు ప్రాణములకు తెగించి జపానులో గూఢచర్యము నెరపిన మనిషిపై మోపిన నేరమిది. అక్టోబరు 10న మాస్కోలోని బుతీర్కా చెరసాలలో ఆయన మరణించిరి. గుండెజబ్బని అధికారులు వ్రాసికొనిరి. విచారణ జరుగలేదు. ఆయనకప్పటికి నలువదియైదేండ్లు నిండలేదు.

ఆ పిమ్మట ఆయన శిష్యులు ఏమి చేయవలెను? గురువు పేరెత్తినచో తమకును చెరసాలయే. జూడో అన్న మాటయు అపాయకరమైనది. ఆట బ్రతుకవలెనన్న దానికి కొత్త పేరు, కొత్త పుట్టుక కావలసి వచ్చెను. 1938 నవంబరు 16న సోవియట్ వ్యాయామ క్రీడా సంఘము ఈ కుస్తీని దేశమంతట పెంపొందింపవలెనని ఉత్తరువు చేసెను. నేటికిని ఆ దినమునే సాంబో జన్మదినముగా పాటింతురు. అప్పటికి దీని పేరు ‘స్వేచ్ఛా కుస్తీ’. సాంబో అను పేరు రెండవ ప్రపంచ యుద్ధానంతరము స్థిరపడినది. 1939లో లెనిన్‌గ్రాడ్ నగరమున మొదటి జాతీయ పోటీలు జరిగినవి. ఈ ఆట సోవియట్ జాతుల జానపద కుస్తీల నుండి పుట్టినదని కొత్త చరిత్ర వ్రాయబడినది. అందు జూడోకు గాని, ఓష్చెప్కోవ్‌కు గాని చోటు లేకపోయెను.

ఈ కొత్త చరిత్రకు నాయకుడుగా నిలిచినవారు అనతోలీ హర్లాంపియేవ్. ఆయన ఓష్చెప్కోవ్ శిష్యులే. చాలకాలము సాంబో సృష్టికర్త యని ఆయనకు పేరుండెను. గురువు పేరు మరుగుపరచి తాను పేరు పొందెనని కొందరు ఆయనను దూషింతురు. ఆ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. ముఖ్యముగా భయము తగ్గిన తరువాతి సంవత్సరములలోనైనను ఆయన గురువు పేరు ఎలుగెత్తి చెప్పియుండవలసినది. కాని ఆ ఆటను మరియొకరి చేతికి విడిచిన యెడల అది మిగిలి యుండెడిదా యన్నది మాకు సందేహమే. ఆయన కాకసస్ పర్వతప్రాంతములలోను, మధ్య ఆసియాలోను పల్లెల కుస్తీలను పరిశీలించి పట్లను సేకరించిరి. 1949లో సాంబోపై పెద్ద గ్రంథము ప్రకటించిరి. 1979లో మరణించువరకు మాస్కోలో యువకులకు శిక్షణ మిచ్చుచునే యుండిరి.

ఆ పల్లె కుస్తీలను గూర్చి మన గ్రామవాసులు తప్పక తెలుసుకొనవలెను. ఏలయన, అవి మన కుస్తీకి దూరపు చుట్టములు. తజిక్ జాతివారు తమ కుస్తీని గుష్తింగిరి అందురు. మన ‘కుస్తీ’ అను మాటయు, వారి మాటయు ఒకే పారసీక పదము నుండి వచ్చినవి. ఉజ్బెక్‌లది కురాష్. అందు నిలబడియే పడవేయవలెను, నేలపై పెనగులాట లేదు. 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో కురాష్ పోటీలందు మన భారత యువతులు ఒక రజతమును, ఒక కాంస్యమును గెలిచిరి. ఆ క్రీడలలోనే సాంబోకును మొదటిసారి చోటు దొరికినది. జార్జియావారి చిదావోబా మరింత సొంపైనది. పొట్టిచేతుల అంగీలు తొడిగి, సన్నాయి వంటి వాద్యమును డోలును మ్రోగుచుండగా యోధులు తలపడుదురు. మన జాతరలలో డప్పు మ్రోతకు పహిల్వాన్ తొడ చరచుట మీకు జ్ఞప్తికి రాకమానదు. ఈ చిదావోబాను 2018లో యునెస్కో మానవజాతి వారసత్వములలో ఒకటిగా గుర్తించినది. వీని పట్లెన్నో సాంబోలో చేరినవి. కావున జానపద కుస్తీల నుండి పుట్టినదన్న మాట పూర్తిగా అబద్ధము కాదు. సగము నిజము చెప్పి, తక్కిన సగమును దాచిరి.

దాచిన ఆ సగము ఎంత విలువైనదో ప్రపంచమునకు 1964లో తెలిసినది. ఆ యేడు టోక్యో ఒలింపిక్ క్రీడలలో జూడో మొదటిసారి ప్రవేశించెను. సోవియట్ దేశము సాంబోలో తేరిన యోధులను పంపెను. స్తెపానోవ్, బగల్యూబోవ్, చిక్విలాద్జే, కిక్నాద్జే అను నలుగురు నాలుగు కాంస్య పతకములతో తిరిగివచ్చిరి. వారిలో కడపటి యిరువురు జార్జియావారు. కానో శిష్యుల వద్ద టోక్యోలో నేర్చిన విద్యయే, ఓష్చెప్కోవ్ చేతిలో మారి, చిదావోబా పట్లు కలుపుకొని, అర్ధశతాబ్దమునకు మరల టోక్యో చేరెను. 1972 మ్యూనిక్ క్రీడలలో చొచిష్విలి అను మరియొక జార్జియా యోధుడు జూడోలో స్వర్ణమే గెలిచెను.

సాంబో స్వయముగను పెరుగుచు వచ్చినది. 1966లో అంతర్జాతీయ కుస్తీ సమాఖ్య దీనిని గుర్తించెను. 1973లో తెహరాన్ నగరమున మొదటి ప్రపంచ పోటీలు జరిగెను. 1984లో సాంబోకు ప్రత్యేక సమాఖ్య యేర్పడెను. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము ఆ సమాఖ్యకు పూర్తి గుర్తింపు నిచ్చినది. కాని ఒలింపిక్ క్రీడలలో చోటు ఇంకను లభింపలేదు.

ఇక దించిన పటము సంగతి. 1957లో ఓష్చెప్కోవ్ నిరపరాధియని ప్రభుత్వము ప్రకటించినది. మరణించిన యిరువది యేండ్లకు వచ్చిన ఆ కాగితము వలన నేరము తొలగెను గాని పేరు తిరిగి రాలేదు. పాఠ్యగ్రంథములలో పాత కథయే సాగినది. 1980లలో మిఖాయిల్ లుకషేవ్ అను రచయిత, తానును సాంబో అభ్యసించినవాడగుటచే, పాత కాగితములు వెదకి, మిగిలిన శిష్యులు చెప్పిన సంగతులు కూర్చి, ఓష్చెప్కోవ్ జీవితమును పత్రికలలో ప్రకటింప నారంభించెను. వృద్ధులైన శిష్యులు అప్పటికి నోరు విప్పగల్గిరి. ఆటను పెంచినవారిని సన్మానించుటలో పతకములు తగిలించువారిని మనము తరచుగా చూతుము. అలమారులలో దుమ్ము దులిపి ఒక పేరును వెలికి తెచ్చిన ఇట్టివారిని చూడము. మా మట్టుకు మాకు ఇదియే గొప్ప సన్మానముగా తోచుచున్నది.

నేడు సాంబో చరిత్ర వ్రాయువారు ఓష్చెప్కోవ్, స్పిరిదోనోవ్, హర్లాంపియేవ్ మువ్వురి పేర్లను కలిపి చెప్పుదురు. హర్లాంపియేవ్ పేర మాస్కోలో స్మారక పోటీలు జరుగుచు వచ్చినవి. ఓష్చెప్కోవ్‌కు స్మారక విగ్రహము 2016లో వెలసినది. దానిని మాస్కోలో గాక, నూరేండ్లకు పూర్వము ఇరువదియొక్క యేండ్ల యువకుడుగా ఆయన మొదటి శిష్యులను చేరదీసి పట్లు నేర్పిన వ్లాడివోస్టాక్ నగరమున నిలిపిరి.