విషమస్థితిలోని రోగులలో తీవ్ర ఉదర ఇన్ఫెక్షన్లు: గుర్తింపు, చికిత్స

జీర్ణాశయ వ్రణం వల్ల గాని, టైఫాయిడ్ వల్ల గాని పేగుకు రంధ్రం పడితే లోపలి ద్రవాలు ఉదరకుహరంలోకి చేరి పెరిటోనైటిస్ కలుగుతుంది. స్పృహలో ఉన్న రోగి భరించలేని నొప్పి చెబుతాడు, పొట్ట చెక్కలా బిగుసుకుంటుంది. మత్తుమందుతో వెంటిలేటరుపై ఉన్నవారిలోను, వృద్ధులలోను ఈ లక్షణాలు మరుగుపడవచ్చు. కారణం తెలియని జ్వరం, పడిపోతున్న రక్తపోటు, తగ్గిన మూత్రం, ముక్కుగొట్టం ద్వారా ఇచ్చిన ఆహారం ఇమడకపోవడం కనిపించినప్పుడు ఉదరాన్ని అనుమానించాలి. నిలబెట్టి తీసిన ఛాతీ ఎక్స్‌రేలో ఉదరవితానం కింద గాలి కనబడనంత మాత్రాన రంధ్రం లేదనలేము; సి.టి. స్కాన్ మరింత నమ్మదగినది.

కామారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైంది. ఎల్లారెడ్డి పరిసరాల నుండి అక్కడికో, హైదరాబాదుకో రోగిని తరలించవలసి వచ్చినప్పుడు దారిలో గడిచే కాలమే పెద్ద ప్రమాదం. అంబులెన్సు ఎక్కించకముందే సెలైన్, యాంటీబయాటిక్ మొదటి మోతాదు అందాలి. షాక్ ఉంటే గంటలోపే. వీలైతే ముందుగా కల్చరుకు రక్తం తీయాలి, వీలుకాదని మందు ఆపరాదు.

అయితే ఇన్ఫెక్షన్ మూలాన్ని తొలగించనిదే ఏ మందూ నిలకడగా పనిచేయదు. చీముగడ్డకు తరచుగా గొట్టం చాలు. పేగు రంధ్రానికి సాధారణంగా శస్త్రచికిత్స తప్పదు. తర్వాత మందు ఎన్నాళ్లు? శస్త్రచికిత్సానంతర ఉదర ఇన్ఫెక్షన్లతో ఐసీయూలో ఉన్నవారిపై ఫ్రాన్సులో జరిగి 2018లో వెలువడిన పరిశోధనలో 8 రోజుల చికిత్సకు, 15 రోజుల చికిత్సకు మరణాలలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మన వార్డులలో మాత్రం జ్వరం తగ్గకపోతే వెంటనే మందు మారుస్తుంటారు. అంతకన్నా ముందు పొట్టను మళ్లీ స్కాన్ చేయాలి.